ఆక్యుపంక్చర్‌కి వెళ్లే ముందు: ఏ బాధకి, ఎవరి చేత, ఎన్ని సిట్టింగులు

సన్నని సూదులు గుచ్చి నొప్పి తగ్గించే చైనా వైద్యం ఆక్యుపంక్చర్. ఆ క్లినిక్ మెట్లెక్కేవాళ్లలో చాలామంది అప్పటికే నాలుగు చోట్ల తిరిగి విసిగినవాళ్లే. నడుం నొప్పికి మాత్రలు మింగి మింగి కడుపులో మంట తెచ్చుకున్నవాళ్లు, మోకాలి చిప్ప మార్చాలంటే జడుసుకున్నవాళ్లు, తలనొప్పి వస్తే చీకటి గదిలో పడుకోవడం తప్ప దారి లేనివాళ్లు. "ఇది పనిచేస్తుందా?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఏ బాధకి, ఎలాంటి సూదితో, ఎవరి చేత, ఎప్పటిదాకా అన్న నాలుగూ ముందే తేల్చుకోవాలి. ఆఖరిది తేల్చుకోకుండా వెళ్లేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

1. ముందు జబ్బు పేరు తేలాలి

సూది నొప్పిని తగ్గించవచ్చు గానీ, నొప్పి ఎందుకొచ్చిందో చెప్పదు. నాడి పట్టుకుని, నాలుక చూసి "మీ కిడ్నీ శక్తి తగ్గింది" అన్నారంటే అది చైనా సంప్రదాయ వైద్యపు పరిభాష. మీ కిడ్నీలు చెడిపోయాయని దాని అర్థం కాదు, బాగున్నాయనీ కాదు. ఆ సంగతి క్రియాటినిన్ పరీక్షే చెప్పాలి.

అందుకే మొదట డాక్టరుకి చూపించుకుని, అవసరమైన ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించుకుని, ఆ కాగితాలతో వెళ్లండి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ నరాలు నలిగిపోతున్నాయి, ఆలస్యమైతే తిరిగి రావు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తీవ్రంగా వచ్చిన తలనొప్పి, ఛాతీలో బరువు, వీటిలో ఏదున్నా సూదుల మాట తర్వాత.

పక్షవాతం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడినా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పసరు మందు పోసే ఊరికీ, సూదులు గుచ్చే ఊరికీ వెళ్లొచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. తేలింది పక్షవాతం కాకుండా బెల్స్ పాల్సీ (ముఖ నరం దెబ్బతిని మూతి వంకర పోవడం) అయినా సరే, స్టెరాయిడ్ మాత్రలు మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే పూర్తి మేలు. ప్రాణగండం గడిచాక, ఫిజియోథెరపీ నడుస్తుండగా, పక్కన ఆక్యుపంక్చర్ చేయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం.

2. మీ బాధకి ఎంత ఆశ పెట్టుకోవచ్చు

పరిశోధనల బలం కాస్త గట్టిగా ఉన్నది దీర్ఘకాలిక నొప్పుల విషయంలోనే. నడుం, మెడ, మోకాళ్లు, మైగ్రేన్, ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి ఈ కోవలోవి. 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో 39 పరీక్షల్లో పాల్గొన్న 20,827 మంది వివరాలు చూశారు. సూదులు వేయించుకోనివాళ్ల కంటే వేయించుకున్నవాళ్లకి నొప్పి స్పష్టంగా తగ్గింది. పోలిక కోసం ఉత్తుత్తి సూదులు (గుచ్చినట్టు చేసేవి, లేదా వేరే చోట పైపైన గుచ్చేవి) వేయించుకున్నవాళ్లతో పోలిస్తే మాత్రం తేడా ఉంది గానీ చిన్నది.

ఆ చిన్న తేడా ఎలాంటిదో జర్మనీలో 1,162 మంది నడుం నొప్పి రోగులపై చేసి 2007లో ప్రచురించిన పరీక్ష చూస్తే అర్థమవుతుంది. ఆరు నెలల తర్వాత చూస్తే, అసలు బిందువుల్లో (సూది గుచ్చాలని సంప్రదాయం చెప్పే చోట్లలో) సూదులు వేసినవారిలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం. మామూలు మందులు, వ్యాయామం చేసినవారిలో 27.4 శాతం. మైగ్రేన్‌లోనూ లెక్క ఇలాగే ఉంటుంది. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష ప్రకారం, ఆక్యుపంక్చర్ తీసుకున్న నూరు మందిలో 41 మందికి తలనొప్పి వచ్చే రోజులు సగానికి పడిపోయాయి. మామూలు చికిత్సలో ఉన్నవారిలో అలా తగ్గింది 17 మందికే. ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరీక్షల్లో మాత్రం అసలు సూదులవాళ్లలో నూటికి 50 మందికి, ఉత్తుత్తి సూదులవాళ్లలో 41 మందికి అలా తగ్గింది.

రోగికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఏ బిందువులో గుచ్చారన్నది అనుకున్నంత కీలకం కాకపోవచ్చు. కాబట్టి "గురువు దగ్గర నేర్చిన రహస్య బిందువులు" అంటూ రెట్టింపు ఫీజు అడిగేవారికి ఇవ్వనక్కర్లేదు. శుభ్రంగా, లోతు తెలిసి గుచ్చే మనిషికి ఇవ్వండి.

వైద్య సంస్థల మాట కూడా ఒకటిగా లేదు. నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో దీన్ని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ నడుం నొప్పికీ, మోకాళ్ల అరుగుదలకీ వద్దంది, మైగ్రేన్ నివారణకీ, కొన్ని రకాల దీర్ఘకాలిక నొప్పికీ ఆలోచించవచ్చంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులు, వికారం తగ్గడానికి ముంజేతి లోపలి బిందువు పనిచేస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. మణికట్టు గీత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైన, రెండు స్నాయువుల మధ్య ఉంటుంది. అక్కడ బొటనవేలితో నొక్కుకోవచ్చు కూడా, సూదే అక్కర్లేదు.

షుగర్, థైరాయిడ్, బీపీ, క్యాన్సర్, ఫిట్స్, వీటికి సూదులు మందుకి బదులు కావు. మందులన్నీ ఆపితేనే వైద్యం మొదలుపెడతామని చెప్పేవాళ్లున్నారు. అలాంటి చోట కూర్చోకుండా లేచి రండి. టైప్ 1 షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే కీటోఅసిడోసిస్‌తో (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి) ఐసీయూ పాలవుతారు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఏ మందు తగ్గించాలన్నా రాసిన డాక్టరే తగ్గించాలి.

3. ఎవరి చేత వేయించుకోవాలి

డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో కలిసి 1938లో చైనా వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని డాక్టర్ బి.కె. బసు ఈ వైద్యాన్ని తర్వాత అక్కడే నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. దీనికి చట్టం కూడా పశ్చిమ బెంగాల్‌లోనే ముందు వచ్చింది, 1996లో. మహారాష్ట్ర 2015లో చట్టం చేసింది. కేంద్రం 2019లో దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. అయినా వారాంతపు తరగతుల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. పేరు ముందు 'డాక్టర్' అని ఉండటం దేనికీ రుజువు కాదు.

తెలుగు రాష్ట్రాల్లో అడగాల్సింది ఇది: అసలు డిగ్రీ ఏమిటి, ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారు, ఆక్యుపంక్చర్ విడిగా ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారు. ఎంబీబీఎస్ చదివి తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవారున్నారు. బీఎన్‌వైఎస్ అనే ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్య, యోగ డిగ్రీలో ఆక్యుపంక్చర్ ఒక సబ్జెక్టు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఆ డిగ్రీ కోసమే ఉంది. ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడ్లింగ్‌లో వాడేది ఇదే సూది, కానీ గుచ్చేది కండరంలో ముడిపడినట్టున్న చోట, చైనా వైద్యం ఒంట్లో శక్తి పారుతుందని చెప్పే నాడీ మార్గాల లెక్కతో కాదు. అమెరికాలో ఉన్నవారు రాష్ట్ర లైసెన్సు బోర్డు వెబ్‌సైట్లో పేరు వెతికి చూసుకోవచ్చు.

డిగ్రీ కంటే మంచి పరీక్ష ఇంకొకటి ఉంది. "నా భుజం పైన, వీపు పైభాగంలో సూది ఎంత లోతుకి దించుతారు?" అని అడగండి. సన్నగా ఉన్నవారిలో అక్కడ చర్మానికీ ఊపిరితిత్తి పొరకీ మధ్య ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దూరమే ఉంటుంది. తెలిసినవాళ్లు "అక్కడ ఏటవాలుగా, పైపైనే" అని తడుముకోకుండా చెబుతారు. ప్రశ్నకే చిరాకు పడితే ఇంకో క్లినిక్ చూసుకోండి.

4. సూది, దాని ప్యాకెట్

సాధారణంగా వాడేది 0.25 మి.మీ. మందం, 25 లేదా 40 మి.మీ. పొడవు ఉన్న స్టీలు సూది. ముఖానికి 13 మి.మీ. పొట్టివి, పిరుదు కండరాలకి 75 మి.మీ. పొడుగువి ఉంటాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి తెలిసిన 31 గేజ్ సూది మందం కూడా 0.25 మి.మీ.నే. కాకపోతే అది లోపల బోలుగా, కొన ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. ఇది బోలు లేని తీగ. కొన క్రమంగా సన్నబడి, కండని కొయ్యకుండా పక్కకి జరుపుకుంటూ దిగుతుంది. అందుకే చాలా చోట్ల చీమ కుట్టినంత కూడా ఉండదు. వేలి చివర, అరికాలు, పై పెదవి దగ్గర మాత్రం చురుక్కుమంటుంది.

ప్యాకెట్ మీ కళ్లముందు చింపాలి. దాని మీద లాట్ నంబరు, గడువు తేదీ, స్టెరిలైజ్ చేసిన గుర్తు, ఒక్కసారే వాడాలన్న గుర్తు చూసుకోండి. కొన్ని చోట్ల ఖర్చు తగ్గించడానికి ఒక్కో రోగి సూదుల్ని పేరు రాసిన సీసాలో స్పిరిట్‌లో వేసి, వచ్చినప్పుడల్లా అవే వాడతారు. "మీ సూదులు మీకే" అని భరోసా కూడా ఇస్తారు. స్పిరిట్‌లో నానబెట్టడం స్టెరిలైజ్ చేయడం కాదు. బ్యాక్టీరియా బీజాలు దానికి చావవు. సీసా మారిపోతే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ దాకా ప్రమాదమే. పైగా వాడిన సూది మొద్దుబారుతుంది, నొప్పి పెరుగుతుంది. తీసిన సూదులు ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి గుచ్చుకుపోని తెల్లని అర్ధపారదర్శక డబ్బాలోకి వెళ్లాలి. మామూలు చెత్తబుట్టలోకి వెళ్తుంటే మిగతా శుభ్రత సంగతి ఊహించుకోవచ్చు.

5. మీరు దాచకుండా చెప్పాల్సినవి

వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఎసిట్రోమ్, ఎపిక్సబాన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఉంటే మొదటే చెప్పాలి. ఉన్నంత మాత్రాన సూదులు కుదరవని కాదు. లోతుగా గుచ్చకుండా, తీశాక ఎక్కువసేపు అదిమిపట్టాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారు ఇటీవలి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు చూపించాలి. సూదుల కోసమని ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపితే అసలు ముప్పు అదే. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, కీమో నడుస్తూ తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు వెళ్లకండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసి ఉంటే ఆ చేతికి సూది వద్దనండి.

పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకి కరెంటు క్లిప్పులు తగిలించే పద్ధతి పనికిరాదు. గర్భంతో ఉంటే, లేదా ఉండొచ్చని అనుమానం ఉన్నా చెప్పాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య కండ, చీలమండకి లోపలివైపు నాలుగు వేళ్ల పైన ఉన్న చోటు, భుజం పైన ఉన్న బిందువు వంటివాటిని గర్భిణులకి సంప్రదాయంగానే వదిలేస్తారు.

షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ పోయినవారు రెండు విషయాల్లో జాగ్రత్తపడాలి. ఒకటి, పాదంలో సూది గుచ్చిన చోట పుండు పడితే మానదు. రెండోది మాక్సా. మాచిపత్రి జాతి ఆకుని ఎండబెట్టి చుట్టిన చుట్టని వెలిగించి బిందువుల దగ్గర వేడి చూపిస్తారు. స్పర్శ లేని కాలికి చర్మం కాలినా తెలియదు. ఆ పాదాలకి మాక్సా వద్దని ముందే చెప్పేయండి. దాని పొగ ఆస్తమా ఉన్నవారికీ పడదు.

6. ఆ రోజు

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. మొదటి సిట్టింగులో కళ్లు తిరిగి పడిపోవడానికి భయం, ఆకలి, కూర్చోబెట్టి సూదులు వేయడం, ఈ మూడూ ముఖ్య కారణాలు. గంటా రెండు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా లాంటిది తినండి, మాంసం బిర్యానీ వద్దు. మొదటిసారి పడుకోబెట్టే వేయమని అడగండి.

మోకాలు పైదాకా, మోచెయ్యి పైదాకా సులువుగా మడవగలిగే బట్టలు వేసుకోవాలి. వదులు పైజమా, లుంగీ, వదులు చుడీదార్ మేలు. చీరలో వెళ్తే నడుం, కాళ్ల సూదులకి ఇబ్బంది. తలకి నూనె రాసుకోకండి, మాడు మీద సూది వేయాలంటే స్పిరిట్ దూదితో తుడిచినా జిడ్డు పోదు. కరెంటు పెట్టేటట్టయితే గాజులు, మెట్టెలు, గొలుసు తీసి ఉంచాలి. నాలుక రంగు చూస్తారు కాబట్టి ఆ పూట నాలుక బద్దతో గీకవద్దని, కిళ్లీ, నేరేడు పళ్లు తినవద్దని కొందరు చెబుతారు. వాళ్ల పద్ధతికి అది అవసరం. నోరు ఎర్రగా పండించుకుని వెళ్తే చూడటానికేమీ మిగలదు కదా.

7. బల్ల మీద

మొదటి సిట్టింగు మాటలతో కలిపి గంట దాకా పడుతుంది. చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాక సన్నని గొట్టం ఆనించి సూదిని తట్టి దించుతారు. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే మంట పుడుతుంది, సూది తప్పు కాదు. ఐదు నుంచి ఇరవై దాకా సూదులు, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచుతారు. బరువుగా, లాగినట్టుగా, తిమ్మిరిగా అనిపించడం మామూలే. కరెంటు కొట్టినట్టు జివ్వున పాకితే మాత్రం నరానికి తగిలినట్టు, వెంటనే చెప్పాలి. ఓర్చుకోవడం ఇక్కడ గొప్ప కాదు.

సూదులుండగా కదలకూడదు. కదిలితే కండరం బిగుసుకుని సూదిని పట్టేస్తుంది, లేదా సూది వంగుతుంది. అలా ఇరుక్కుంటే బలంగా లాగకూడదు. మొదట ఉన్న భంగిమలోకి మెల్లగా తిరిగి వచ్చి, వదులుగా ఊపిరి తీసుకుంటే కాసేపటికి వస్తుంది. పక్కన తేలిగ్గా తట్టడమో, దగ్గర్లో ఇంకో సూది వేయడమో చేసి వాళ్లు వదులు చేస్తారు.

చెమటలు పట్టి, వికారంగా, చెవుల్లో హోరుగా అనిపిస్తే వెంటనే పిలవండి. అన్ని సూదులూ తీసి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెడితే రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటారు. పిలిస్తే వినబడేంత దూరంలో ఎవరూ లేని గదిలో ఒంటరిగా వదిలేస్తే ఒప్పుకోవద్దు. రద్దీ క్లినిక్కుల్లో రోగినీ సూదినీ కూడా మరిచిపోతుంటారు. వేసినప్పుడు ఎన్నో అడిగి, తీసినప్పుడు లెక్క సరిచూసుకోండి. జుట్టులోవీ, చెవి వెనకవీ మిగిలిపోతాయి.

కరెంటు పెడితే డయల్ సున్నా నుంచి మెల్లగా పెంచాలి. కండరం తేలిగ్గా టకటకమనాలి, నొప్పి పుట్టకూడదు.

8. ఇంటికొచ్చాక

జర్మనీలో 2,29,230 మంది రోగుల్ని గమనించిన అధ్యయనంలో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఎక్కువగా రక్తం చెమర్చడం, కమిలిపోవడమే. చికిత్స అవసరమైన ఇబ్బంది పడ్డవారు 2.2 శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఇద్దరికే జరిగింది. అరుదే, కానీ ప్రాణం మీదికి తెచ్చేది అదే.

రక్తం చెమర్చితే పొడి దూదితో నిమిషం అదిమిపట్టండి, రుద్దవద్దు. మత్తుగా అనిపిస్తే బండి నడపకుండా కాసేపు కూర్చోండి. నొప్పి ఒకటి రెండు రోజులు పెరగవచ్చు. "రోగం బయటికొస్తోంది, మంచిదే" అంటూ రెండు రోజులు దాటినా సర్దిచెబుతుంటే నమ్మకండి. గుచ్చిన చోట ఎర్రబడి, వేడెక్కి, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించాలి.

భుజాలు, వీపు, ఛాతీ మీద సూదులు వేయించుకున్నాక ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, ఆయాసం, పొడి దగ్గు వస్తే అది గ్యాస్ అనుకోవద్దు. కొన్ని గంటల తర్వాత కూడా మొదలవచ్చు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, వీపులో సూదులు వేయించుకున్నానని చెప్పి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు ఈసీజీ వైపు వెళ్లి కాలయాపన జరుగుతుంది.

9. ఎన్ని సిట్టింగులు, ఎప్పుడు ఆపాలి

మొదటి సిట్టింగుకి ముందే ఒక నోటు పుస్తకంలో మూడు అంకెలు రాసుకోండి: సున్నా నుంచి పది దాకా వేస్తే నొప్పి ఎంత, వారానికి మింగే నొప్పి మాత్రలు ఎన్ని, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు. మైగ్రేన్ అయితే నెలలో తలనొప్పి వచ్చిన రోజులు. ఎలా ఉందని అడిగితే ఎదుటివారి మొహమాటానికి "కొంచెం నయమే" అనేస్తాం. ఆ అంకెలకి మొహమాటం ఉండదు.

వారానికి ఒకటి రెండు చొప్పున ఆరు సిట్టింగులు చూడండి. ఆరో సిట్టింగుకి ఒక్క అంకె కూడా కదలకపోతే ఆపేయండి. కదిలితే పది పన్నెండు దాకా వెళ్లవచ్చు. మైగ్రేన్‌కి నైస్ చెప్పింది ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగుల వరకు. అమెరికా మెడికేర్ దీర్ఘకాలిక నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులకి డబ్బు ఇస్తుంది, గుణం కనిపిస్తేనే ఇంకో 8, ఏడాదికి 20కి మించదు. ప్రభుత్వ బీమాయే అంత లెక్కగా ఉన్నప్పుడు, ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టడంలో అర్థం లేదు. సిట్టింగుకి ఇంత అని కట్టి రసీదు తీసుకోండి. మన ఆరోగ్య బీమా ఇస్తుందేమో పాలసీ కంపెనీని రాతపూర్వకంగా అడగండి, ఆయుష్ కవర్ ఉందని ఇదీ వస్తుందనుకోవద్దు, ఎందుకంటే ఆయుష్ పద్ధతుల్లో ఆక్యుపంక్చర్ లేదు.

గుణం కనిపించినవారు ఒక్కసారిగా మానేయకుండా వారానికి ఒకటి, తర్వాత పదిహేను రోజులకి ఒకటి, తర్వాత నెలకి ఒకటి అని దూరం పెంచుకుంటూ పోతారు. నొప్పి తగ్గి కదలగలిగే ఆ వారాల్లోనే ఫిజియోథెరపిస్టు చెప్పిన తొడ కండరాల, నడుం కండరాల వ్యాయామం మొదలుపెట్టాలి. ఆ పని మాత్రం సూది చేసిపెట్టదు.